ఒక మాట, రెండు చెవులు

మరోదా మలుపు దగ్గర సైకిలు దిగి, ఊడని చైనును ఊడిందన్నట్టు వంగి వంగి చూసుకుంటున్న తిరుమలరావును మనం అక్కడే వదిలేసి వారమైంది. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. పోలయ్య ఇల్లు నూరడుగుల దూరం. ఆ నూరడుగులూ నడవలేక, ఇరవై రెండేళ్ళ మెకానిక్కు సైకిలు చైనుకు వైద్యం చేస్తున్నాడు. చూసినవాళ్ళు నవ్విపోరూ!

నవ్వడానికైనా పలకరించే మనిషి ఉండాలి కదా. ఇరవై రోజులుగా అతనితో మాట్లాడే దిక్కు లేదు. ఎందుకు లేదో ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఈ హిందీ ఊళ్ళో నందినీ రోడ్డు పక్కన డోజర్లూ డంపర్లూ బాగుచేసే ఒక ప్రైవేటు షెడ్డు ఉంది. గోడలకు పసుపు రంగు వేశారు కాబట్టి అందరూ దాన్ని పీలా షెడ్ అంటారు. టెక్కలి నుంచి ఐటీఐ కాగితం పట్టుకొచ్చిన తిరుమలరావు అక్కడ ఏడాది అప్రెంటిసు. తొమ్మిది నెలలు గడిచాయి, మూడు నెలలు మిగిలాయి. పని నేర్పేవాడు పోలయ్య, ఆ షెడ్డుకంతటికీ పెద్ద మెకానిక్కు. కిందటి నెలలో వాళ్ళు ఒక డోజరుకు కొత్త చైను ఎక్కిస్తున్నారు. చైనును నేల మీద పొడుగ్గా పరిచి, బండిని దాని మీదికి అంగుళం అంగుళంగా నడిపించడం ఆ పని పద్ధతి. పైన లివర్ల దగ్గర తిరుమలరావు స్నేహితుడు రాజేశ్ కూర్చున్నాడు. పక్కన గునపంతో చైను సర్దుతున్న పోలయ్య రాజేశ్‌కు కనబడడు. ఎదురుగా నిలబడి ఇంకో గునపంతో చైను కొస పట్టి, ఎప్పుడు కదలాలో ఎప్పుడు ఆగాలో చెప్పాల్సినవాడు తిరుమలరావు. చైను వంకర తిరిగింది. తిరుమలరావు అరిచాడు. ఆగాల్సిన బండి బెత్తెడు ముందుకు కదిలింది. పోలయ్య కుడిపాదం చైనుకూ రోలరుకూ మధ్య పడి నలిగిపోయింది. ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు, ఆ కాలు ఇక షెడ్డు పనికి రాదన్నారు.

"వాడు ఆగే అన్నాడు, నేను ముందుకు పోనిచ్చాను" అన్నాడు రాజేశ్. ఆగే అంటే హిందీలో ముందుకు అని. షెడ్డులో ఉన్న మరో ముగ్గురూ అదే విన్నామన్నారు. "మైనే రోకో బోలా" అన్నాడు తిరుమలరావు, ఆపమనే చెప్పానని. రోకో అన్న మాట విన్నవాడు ఒక్కడూ లేడు. తప్పు చేసింది చాలక అబద్ధం కూడానా అన్నారు. సోమవారం పది గంటలకు మేనేజరు గదిలో విచారణ. తప్పు అతనిదేనని తేలితే అప్రెంటిసు రద్దవుతుంది, పరీక్షకు కూర్చోనివ్వరు, ఈ ఊళ్ళో ఇంకే షెడ్డులోనూ పానా పట్టనివ్వరు. ఈరోజు శనివారం.

అసలు చిక్కు ఇంకొకటుంది. తను ఆ రోజు ఏమని అరిచాడో తిరుమలరావుకే ఇప్పుడు గుర్తులేదు. సెక్టర్ టూలో ఒక క్వార్టరు వెనక రేకుల గదిలో ఒక్కడే ఉంటాడు. మేనేజరు హిందీలో అడిగాడు, హిందీలో రాసుకున్నాడు. యూనియనాయన హిందీలో చీవాట్లు పెట్టాడు. గది అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు హిందీలో జాలిపడ్డారు. "ఏటైందిరా" అని అడిగిన మనిషి ఒక్కడూ లేడు. అందరికీ వాళ్ళ భాషలో జవాబిచ్చీ ఇచ్చీ అతనికి తన మాట మీద తనకే నమ్మకం పోయింది. ముందుకూ వెనక్కూ చాలూ అనడానికి ఆగే, పీఛే, బస్ అని నెలల తరబడి అద్దం ముందు వల్లించినవాడే కదా, నిజంగా ఆగే అనే అన్నానేమో అని అనుమానం పట్టుకుంది. ఇంతకంటే దిక్కుమాలిన స్థితి ఉంటుందా, మీరే చెప్పండి.

చివరికి సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి పోలయ్య ఇంటి ముందు స్టాండు వేశాడు. కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడిన అప్పయమ్మ తలెత్తి చూసింది. పోలయ్య భార్య ఆవిడ. తిట్టడంలో పేరున్న మనిషి.

"ఓలమ్మో! వొచ్చినాడు మారాజు. ఇరవై రోజులకి దారి తెలిసినాది."

"అత్తా..."

"అత్తేటి, నీ మొకం! ఆ రాజేశ్ గుంటడు రోజూ ఆరింటికి స్కూటరెట్టుకొచ్చి, బుజమిచ్చి, ఆస్పత్రికి తీసికెళ్ళి కట్టు మార్పించి తెస్తన్నాడు. తెలుగు కూడా సరిగ్గా రాదు ఆడికి. నువ్వో? మా ఊరి పక్కోడివని పండక్కి గారెలెట్టి పంపినాను. మీ మావ సచ్చినాడో బతికినాడో సూడ్డానికి ఒక్కపాలి రానేదు."

"బయమేసింది అత్తా."

అప్పయమ్మ మరో నాలుగు మాటలు సిద్ధం చేసుకునే ఉంది. కానీ ఆ రెండు ముక్కలూ విన్నాక అతని గడ్డం వంకా, లోపలికి పోయిన బుగ్గల వంకా చూసి నోటి దాకా వచ్చినవి మింగేసింది. బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. "ఎల్లు, లోపలున్నాడు" అంది.

వరండాలో నవారు మంచం మీద పోలయ్య కూర్చున్నాడు. కుడికాలు దిండు మీద ఉంది, మోకాలి కింద నుంచీ కట్టు. నలభై ఆరేళ్ళ మనిషి. ఇరవై రోజుల్లో అరవై ఏళ్ళవాడయ్యాడు. తిరుమలరావుకు ఏడుపు ముంచుకొచ్చింది. ఈ ఊళ్ళో అతన్ని పేరు పెట్టి కాకుండా "ఒరే" అని పిలిచే మనిషి ఈయన ఒక్కడే. పొద్దున షెడ్డుకు వెళ్ళగానే "తిన్నావేటిరా?" అని అడిగే మనిషీ ఈయనే. ఆ రెండు ముక్కల తెలుగు కోసం రోజంతా గ్రీజులో మునిగేవాడు.

"కూకో" అన్నాడు పోలయ్య, మొహం చూడకుండా.

తిరుమలరావు నేల మీద కూర్చున్నాడు. తర్వాత పోలయ్యే అడిగాడు.

"ఏటన్నావురా ఆ పూట?"

"రోకో అన్నాను మావా."

"నా దగ్గర హిందీ ఎందుకురా? నీ నోట్లోంచి ఏటొచ్చిందో అది సెప్పు."

తిరుమలరావు తల వంచుకున్నాడు. ఎవరికీ చెప్పని మాట, తనకు తను కూడా పైకి చెప్పుకోని మాట, ఇక్కడ బయటపడింది. "గురుతు నేదు మావా. అందరూ ఆగే అన్నావంతన్నారు. ఇన్నీ ఇన్నీ నాకూ అలాగే అనిపిస్తంది. నానే అన్నానేమో మావా. నీ కాలు నానే తీసేసినానేమో."

పోలయ్య అప్పుడు అతని వంక చూశాడు. కోపంగా చూస్తాడనుకున్నాడు తిరుమలరావు. కోపం లేదు. ఇంకేదో ఉంది, అదేమిటో అతనికి తెలియలేదు.

"నెగు" అన్నాడు పోలయ్య. "ఆ మూలనున్న కర్ర తియ్యి. రెండు సేతుల్తో పట్టుకో. అది గునపం. అదిగో, ఆ గుమ్మం డోజరనుకో. సైను నీ కాళ్ళ ముందరుంది. నాను ఈ పక్కనున్నాను, ఆడికి కనబడను. పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

"రాజేశ్ క్లచ్చి ఒగ్గినాడు. బండొస్తంది. నెమ్మదిగా వొస్తంది. సైను సూడు, నా మొకం కాదు, సైను సూడు! వొంకర తిరిగింది. సూసినావా? నీ సేతులు కాళీ నేవు. సైగ సెయ్యడానికి నేదు. బండొచ్చేస్తందిరా! మీదకొచ్చేస్తంది! ఏటంతావు?"

"ఆగెహె!"

అరుపుకు పక్కింటి రేకుల మీద కాకి లేచిపోయింది. అప్పయమ్మ తడిచేతులతో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. తిరుమలరావు కర్ర పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టు కాక, ఎవరో పోయిన వస్తువు తెచ్చి చేతిలో పెట్టినట్టు ఉంది అతనికి.

ఆగెహె! మన వైపు అల్లరి పిల్లల్నీ, తోసుకొచ్చే ఎద్దునీ, మితిమీరిన బావమరిదినీ ఆపడానికి ఇంతకంటే సొంపైన మాట ఉందా? అదే మాట హిందీలో పుట్టి పెరిగిన చెవిలో పడితే ఏమవుతుందో చూడండి. ఆగే, హే! ముందుకు పోనీవోయ్! రాజేశ్ అబద్ధం చెప్పలేదు. ఆ ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. తిరుమలరావూ చెప్పలేదు.

"ఆగెహె అన్నాను మావా! ఆపమనే అన్నాను!" అతనికి ఇరవై రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. "నా తప్పు నేదు!"

"తప్పు నేదు" అన్నాడు పోలయ్య. "నానిన్నదీ అదే. ఆగెహె అన్నావు. సెవులారా ఇన్నాను. బండి ఆగిపోద్ది గదా, ఈలోగా సైను సరిసేద్దారని కాలెట్టినాను."

తిరుమలరావు నవ్వు అక్కడితో చచ్చిపోయింది. చేతిలో కర్ర కింద పడింది. ఒక్కటే మాట. పైనున్నవాడికి కదలమని చెప్పింది, పక్కనున్నవాడికి పరవాలేదు కాలు పెట్టుకోమని చెప్పింది. నోరు మూసుకుని ఉంటే ఈయన కాలు ఈయనకుండేది. తప్పు లేదని తెలిసిన క్షణంలోనే తన మాటే కాలు తీసిందనీ తెలిస్తే, ఆ మనిషి సంతోషించాలా, ఏడవాలా? తిరుమలరావు ఏడ్చాడు. మోకాళ్ళ మీద కూలబడి, ఆ కట్టు కట్టిన కాలిని ముట్టుకోవడానికి భయపడి, మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు.

"ఊరుకోరా" అన్నాడు పోలయ్య, గోడ వంక చూస్తూ.

అప్పయమ్మ మాత్రం ఏడవలేదు. ఆవిడ బుర్ర చురుకైంది. మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీకు ముందే తెలుసన్నమాట."

పోలయ్య కాలి కింద దిండు సర్దుకున్నాడు.

"పడిపోయినప్పుడే తెలుసు. ఆస్పత్రిలో మేనేజరొచ్చి ఏటైందని అడిగినప్పుడూ తెలుసు. గురుతు నేదన్నావు! ఈ గుంటణ్ణి ఊరంతా సీ అంతంటే ఇంటూ తొంగున్నావు. ఏల?"

"ఒగ్గే, అప్పయ్యా."

"ఒగ్గను. సోమారం నాడు ఎళ్ళి ఈ మాట సెప్పు. నాలుగు మాటలు. ఈ గుంటడు తెలుగులో ఆగమన్నాడు, ఆ గుంటడు హిందీలో ఇన్నాడు, అంతే గదా? నీకేటి పోయింది?"

తిరుమలరావు తలెత్తాడు. అతనికి ఏదో తట్టింది. షెడ్డులో పోలయ్యకు మౌనీ బాబా అని పేరు. మిషను కదులుతున్నంతసేపూ నోరు విప్పడు. ముందుకూ వెనక్కూ ఆగడానికీ అన్నిటికీ చేతి సైగలే. తలుపులు దాటి టీ దగ్గరికొస్తే చాలు, ఆగెహె, పోహె, ఊర్కోహె అని నోరు మూతపడదు.

"మావా, మిషను దగ్గర నువ్వు ఎప్పుడూ మాటాడవు గదా. అది ఇందుకేనా? నీకు ఈ సంగతి ఇంతకుముందే తెలుసా?"

పోలయ్య కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచేసరికి దాచుకునే ఓపిక పోయింది.

"డెబ్బయ్రెండులో" అన్నాడు. "నాకు ఇరవై మూడేళ్ళు. నానూ, రాజేశ్ వాళ్ళ నాన్న సినబాబూ ఒక కంట్రాక్టరు దగ్గర అప్రెంటిసులం. ఇప్పుడా కంట్రాక్టరూ నేడు, ఆ యార్డూ నేదు. క్రేను మీద సర్దార్జీ ఉండీవోడు. ఇనప దూలం దించుతన్నాం. దూలం ఊగింది. నాను ఆగెహె అని అరిసినాను. ఆయన ముందుకి పోనిచ్చినాడు. కింద ఒక కూలోడి సెయ్యి పోయింది."

అప్పయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెలుగోడు ఆగే అన్నాడని సర్దార్జీ సెప్పినాడు. అక్కడ తెలుగోళ్ళం ఇద్దరం. ఎవులన్నారని అడిగినారు. నాకు నాలుగు ముక్కలు హిందీ వొచ్చు. నాను కాదని సెప్పుకున్నాను. సినబాబుకి ఒక్క ముక్క రాదు. నా ఏపు సూసినాడు, తల దించుకుని నిలబడ్డాడు. మర్నాడు ఆడి పేరు కొట్టేసినారు."

పవర్ హౌస్ మార్కెట్లో సైకిళ్ళకు పంక్చర్లు వేసే చినబాబు తిరుమలరావుకు తెలుసు. చక్రం చేత్తో పట్టుకోగానే వంకర ఎక్కడుందో చెప్పేస్తాడు. ఇంత పనిమంతుడు ఇక్కడెందుకున్నాడా అని ఒకసారి అనుకున్నాడు కూడా.

"ఆ రోజు నుంచీ మిషను దగ్గర నోరిప్పనేదు" అన్నాడు పోలయ్య. "నీకు సైగలన్నీ నేర్పినాను. సేతులు కాళీ నేనప్పుడు ఏటి సెయ్యాలో నేర్పనేదు. నోరెత్తొద్దు, ఈల ఊదమని సెప్పాల. అది సెప్తే ఏలని అడుగుతావు. అడిగితే ఇదంతా సెప్పాల. అందుకని మానేసినాను. ఇప్పుడు మేనేజరు ఏటన్నాడో ఎరిగిందే గదా, కుర్సీలో కూకుని కొత్తోళ్ళకి నేర్పమన్నాడు, ఇన్‌స్ట్రక్టరు పోస్టిస్తానన్నాడు. సోమారం ఈ మాటెత్తితే పాత సంగతీ బయటికొస్తాది. ఇరవై మూడేళ్ళుగా తెలిసీ నేర్పనోడు ఇన్‌స్ట్రక్టరేటి? ఆ పోస్టు పోతే ఈ కాలుతో నన్నెవులు రమ్మంతారే, అప్పయ్యా?"

అప్పయమ్మ వాకిలి వైపు తిరిగింది. వాకిట్లో స్కూటరు స్టాండు దించి ఉంది. అది ఎప్పుడొచ్చిందో ముగ్గురిలో ఎవరూ వినలేదు. కుళాయి పక్కన రాజేశ్ నిలబడి ఉన్నాడు. ఇంజను ఆపేసి, చెప్పులు విప్పి, లోపలికి రాబోయి అక్కడే ఆగిపోయినట్టున్నాడు. ఒక కాలు మెట్టు మీద ఉంది.

"ఓలబ్బో" అంది అప్పయమ్మ చిన్నగా.

రాజేశ్ లోపలికొచ్చాడు. పొడుగాటి మనిషి, గుమ్మంలో తల వంచాలి. షెడ్డులో ఎవరేమన్నా నవ్వేసేవాడు. ఒక్క మాటకు మాత్రం నవ్వేవాడు కాదు. బాప్ జైసా బేటా అంటే, ఒకడి చెయ్యి తీసిన తండ్రికి తగ్గ కొడుకే అంటే, కొట్టడానికి వెళ్ళేవాడు. ఈ ఇరవై రోజుల్లో ఆ మాట ఎంతమంది అన్నారో అతనికే తెలుసు.

"కాకా" అన్నాడు. తర్వాత తెలుగు వెతుక్కున్నాడు. అతనికి తెలుగు వెతుక్కోవాల్సిందే. "మా ఇంట్లో తెలుగు బంద్. నీకు మాలూమ్ కదా? చిన్నప్పుడు నేను తెలుగు మాట్లాడితే నాన్న కొట్టేవాడు. అమ్మ చాటుగా మాట్లాడేది. తెలుగు అన్నం పెట్టదురా, నోట్లో మట్టి కొడతాది అనేవాడు నాన్న. ఎందుకో నాకు సమజ్ కాలేదు. ఇప్పుడైంది."

పోలయ్య ఏదో అనబోయాడు. రాజేశ్ చెయ్యి చూపించాడు, వద్దని.

"ఆగెహె అంటే ఏంటో నాకు తెలీదు కాకా. ఎవరూ చెప్పలేదు. తెలిసుంటే బండి ఆపేవాణ్ణి. నీ కాలు ఉండేది."

తిరుమలరావు రాజేశ్ మొహం చూడలేకపోయాడు, పోలయ్య మొహం అసలే చూడలేకపోయాడు. ఇరవై మూడేళ్ళ కిందట ఒక మనిషి తల దించుకున్నాడు. అందుకని ఒక ఇంట్లో ఒక భాష ఆగిపోయింది. ఆ ఇంటి కుర్రాడు తెలుగు రాకుండా పెరిగి డోజరెక్కి, ఆ తల దించుకునేలా చేసినవాడి పాదం మీదికే నడిపాడు. దీన్ని ఏ విచారణలో ఎవరు ఏ భాషలో రాస్తారు?

"సోమవారం నన్ను అడుగుతారు" అన్నాడు రాజేశ్. "నేను ఆగే విన్నాను. అదే చెప్తాను. ఝూఠ్, అబద్ధం నేను చెప్పను. అది తెలుగు మాట, దానికి ఆపమని మతలబ్ అని ఇప్పుడు నేనంటే, ఇద్దరు దోస్తులు కలిసి కథ కట్టారంటారు. అక్కడ తెలుగు విన్నోడివి నువ్వొక్కడివే. నువ్వు చెప్తే తిరుమల్ ఉంటాడు. చెప్పకపోతే పోతాడు, మా నాన్న పోయినట్టే." అతను మంచం దగ్గరికొచ్చి, రోజూ వంగినట్టే వంగి, భుజం అందించాడు. "చలో కాకా. కట్టు మార్చాలి. టైమైంది."

పోలయ్య చెయ్యి లేవలేదు.

"ఏవయ్యా" అంది అప్పయమ్మ. తిట్లు మరిచిపోయిన గొంతు. "సెప్తావు గదా?"

పోలయ్య రాజేశ్ భుజం వంక చూశాడు. భార్య వంక చూశాడు. దిండు మీద ఉన్న కాలి వంక చూసుకున్నాడు. తిరుమలరావు వైపు తిరిగి, పొద్దున్నే షెడ్డులో తిన్నావేటిరా అని అడిగే గొంతుతోనే, అంతే ప్రేమగా అడిగాడు.

"రేపు మీ ఊరెళ్ళే రైలుబండి ఎన్నింటికిరా?"

తొమ్మిది నెలలుగా తిరుమలరావుకు ఆ టైము కంఠతా వచ్చు. సోమవారం దాకా ఆగక్కర్లేదని అర్థమై, కింద పడిన కర్ర తీసి మళ్ళీ మూలన పెట్టాడు.